పక్కెండ రానీ

బంగారుపాళ్యంలో ఏప్రిల్ ఆఖరు అంటే మామిడి కాయ కొమ్మ మీద ఊరే కాలం. తోతాపురి కోతకు ఇంకా నెలన్నర ఉంటుంది. జూన్ వచ్చిందంటే మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, ఇక ఊళ్లో ఎవరికీ తీరిక దొరకదు. అందుకే ఆ ఏడాది మే ఒకటో తేదీన, తెల్లారేసరికి నాయనను కారులో కూర్చోబెట్టుకుని గండికోటకు బయల్దేరాను. ఎన్నో ఏళ్లుగా చూడాలనుకుంటున్న పెన్నా లోయ అది. చిత్తూరు, పీలేరు, రాయచోటి దాటాం. గువ్వలచెరువు ఘాట్‌లో ఆగి పాలకోవా తిన్నాం. కడప, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా కోటలోకి అడుగుపెట్టేసరికి పన్నెండు దాటింది.

కారు దిగడమే ఆలస్యం, ఫోన్ పట్టుకుని లోయ అంచు వైపు పరుగులాంటి నడక నడిచాను. ఎదురుగా ఎర్రటి బండలు, అడుగున ఆకుపచ్చ నీళ్లు. గంటలో రెండు వందలకు పైగా ఫోటోలు తీశాను. తిరిగొచ్చి ధాన్యాగారం నీడలో కూర్చున్న నాయనకు చూపించాను. ఆయన ఒక్కొక్కటే వేలితో జరుపుతూ పోయి చివరికి అడిగాడు.

"ఏమిరా ఇది? అంత లోతుండే గండి, చాప పరిచినట్టుండాదే?"

నిజమే. ఏ ఫోటోలోనూ లోతు లేదు. గోధుమరంగు గోడ, దాని కింద నీటి చార, పైన తెల్లగా పాలిపోయిన ఆకాశం.

"కాయను నడినెత్తి ఎండలో జూస్తే భుజాలు తెలుస్తాయా? పక్కెండ రానీ" అన్నాడాయన. తలపాగా తీసి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

ఈ అధ్యాయమంతా ఆ మాట గురించే. మామిడి రైతుకు కాయ పక్వానికి వచ్చిందా లేదా అన్నది తొడిమ పక్కన ఉండే భుజాలు చెబుతాయి. లేత కాయకు భుజాలు జారి ఉంటాయి, ముదిరిన కాయకు నిండి తొడిమను దాటి పైకి లేస్తాయి. రంగు మోసం చేసినా ఆ ఉబ్బు మోసం చేయదు. కానీ అది తెలియాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి, ఒక వైపు నీడ తేలాలి. పెద్దదేదైనా అంతే. దాని లోతు కనబడే వేళ ఒకటుంటుంది. ఆ వేళ దాకా ఆగడం నేర్చుకోవాలి.

మధ్యాహ్నం ఎందుకు మోసం చేస్తుంది

గండికోట దాదాపు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. పన్నెండుంపావు ప్రాంతంలో నిటారుగా పాతిన కర్రకు నీడే ఉండదు. దీన్నే నీడ లేని రోజు అంటారు. ఆగస్టు రెండో వారంలో మరోసారి ఇలాగే జరుగుతుంది. నేను ఏడాది మొత్తంలో లోయకు నీడ అతి తక్కువగా ఉండే రోజును, ఆ రోజులోనూ ఆ గంటనే ఎంచుకుని వెళ్లానన్నమాట.

అంచున నిలబడి మనం కిందికి చూస్తాం. వెలుతురు కూడా పైనుంచే కిందికి పడుతోంది. కంటిచూపు, వెలుతురు ఒకే వైపునుంచి వస్తే నీడలన్నీ రాళ్ల కిందికి దూరిపోతాయి. నీడ లేనిచోట ఏ బండ ముందుంది, ఏది వెనకుంది అన్నది కెమెరాకు అంతుపట్టదు. మనకు రెండు కళ్లున్నాయి, తల అటూఇటూ తిప్పుతాం, నాలుగడుగులు వేస్తాం. కాబట్టి మనకు లోతు తెలుస్తుంది. కెమెరాది ఒంటికన్ను. దానికి లోతు చెప్పేది నీడే.

దీనికి వేసవి దుమ్ము తోడవుతుంది. రాయలసీమ వానచాటు ప్రాంతం, మేలో నేలంతా ఎండి ఉంటుంది. మధ్యాహ్నానికి వేడి గాలి అలలు అలలుగా లేచి దూరపు గోడను వణికిస్తుంది. ఎంత ఖరీదైన జూమ్ లెన్స్ పెట్టినా ఆ వణుకు ఫోటోలో మసకగానే దిగుతుంది.

మొదటి మెట్టు: గడియారాన్ని ముందు సర్దుకోండి

ప్రయాణం అనుకోగానే మనం దారి చూసుకుంటాం, హోటల్ చూసుకుంటాం. లోయను ఫోటో తీయాలనుకునేవారు వాటికంటే ముందు సూర్యోదయ సూర్యాస్తమయాలు చూసుకోవాలి. మే మొదట్లో గండికోటలో సూర్యుడు ఆరుకు కొంచెం ముందు ఉదయించి, ఆరున్నర దాటాక అస్తమిస్తాడు. పనికొచ్చే వెలుతురు ఉదయం గంటన్నర, సాయంత్రం గంటన్నర. మిగిలిన సమయమంతా తిండికి, నిద్రకు, చుట్టుపక్కల తిరగడానికి.

కాబట్టి ఒక రాత్రి అక్కడ ఉండేలా ఏర్పాటు చేసుకోండి. కోట దగ్గరే పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది, జమ్మలమడుగు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకే రోజులో వెళ్లి వచ్చేస్తే మీకు దక్కేది మధ్యాహ్నమే.

సరంజామా ఎక్కువ అక్కర్లేదు. ఫోన్ గానీ కెమెరా గానీ, ఒక ట్రైపాడ్, లెన్స్ తుడుచుకునే మెత్తటి గుడ్డ, పవర్ బ్యాంకు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఒక క్యాన్ మజ్జిగ, టోపీ లేదా తువ్వాలు. ఫోన్‌ను కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. వేడెక్కితే తెర మసకబారుతుంది, సరిగ్గా కావలసిన వేళకు కెమెరా పనిచేయడం మానేస్తుంది. తడిగుడ్డలో చుట్టి చల్లబరచాలని చూడకండి. సంచిలో, నీడలో ఉంచితే చాలు.

రెండో మెట్టు: మొదటి గంట కెమెరా తీయకండి

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. అంత పెద్ద దృశ్యం కంటబడగానే చెయ్యి జేబులోకి పోతుంది. ఆ చేతిని ఆపండి. మొదటి గంట ఆ చోటును తెలుసుకోవడానికి కేటాయించండి.

గండికోటలో తెలుసుకోవలసింది చాలా ఉంది. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన చోటు ఇది. గండి పక్కన కోట కాబట్టి గండికోట. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా ఇక్కడ సుమారు 300 అడుగుల లోతున పారుతుంది. గోడల్లోని రాయి కడప శిలాశ్రేణికి చెందిన క్వార్ట్‌జైట్. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పుడు పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకే గట్టిపడి ఈ రాయి అయింది. అందుకే గోడ నిండా అడ్డగీతలు కనిపిస్తాయి. నిలువు పగుళ్ల వెంట బండలు విడిపోవడంతో, ఎవరో పెద్ద పెద్ద పెట్టెలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఈ సంగతి తెలిశాక మీ కన్ను ఆ అడ్డగీతలను వెతుకుతుంది. సాయంత్రం వెలుతురులో ప్రతి అడ్డగీత కింద ఒక నల్లటి నీడ గీత పడుతుందని ముందే ఊహించగలుగుతారు.

అడుగున నీటి మట్టం కూడా ఏటా ఒకలా ఉండదు. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం ఆనకట్ట ఉన్నాయి. నీళ్లు నిండుగా ఉంటే గోడల నీడ నీటిలో పడి అద్దంలా ఉంటుంది, తగ్గితే గోడ పాదాలు, రాళ్ల గుట్టలు బయటపడతాయి. రెండూ వేరు వేరు ఫోటోలు. మీరు వెళ్లిన రోజున ఏది దొరికిందో చూసి దానికి తగ్గట్టు ఆలోచించండి.

కోట కథ తెలిస్తే ఫోటోలో ఏం ఉండాలో కూడా తెలుస్తుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడినుంచి పాలించారు. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో ఇక్కడికే వచ్చి అతన్ని కలిసి, ఈ కోట ఎంత బలమైనదో తన యాత్రాగ్రంథంలో రాశాడు. ఆ బలం సగం మనుషులు కట్టిన గోడది, సగం నది తవ్విన లోయది. ఇది తెలిశాక నేను లోయను ఒంటరిగా తీయడం మానేశాను. ఒక పక్క కోట గోడ, ఇంకో పక్క లోయ, రెండూ ఒకే చట్రంలోకి వచ్చే చోటు వెతికాను. ఆ ఫోటో చూసినవారికి ఇక్కడ కోట ఎందుకు కట్టారో చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం వెలుతురును పూర్తిగా వృథా చేయనక్కర్లేదు కూడా. మాధవరాయ ఆలయం మండపంలో, జామియా మసీదు వరండాలో, ధాన్యాగారం లోపల ఆ వేళ మెత్తటి వెలుతురు ఉంటుంది. బయటి ఎండ నేల మీద పడి, తిరిగి స్తంభాల మీదికి మళ్లుతుంది. శిల్పాలు తీయడానికి అదే మంచి సమయం.

మూడో మెట్టు: కొలతకు ఒక మనిషిని పెట్టండి

పెద్దదాన్ని పెద్దదని చెప్పాలంటే పక్కన మనకు తెలిసిన చిన్నది ఒకటి ఉండాలి. లోయను మాత్రమే తీస్తే అది 30 అడుగులో 300 అడుగులో చూసేవారికి తెలియదు. ఒక మనిషి, ఒక మేక, ఒక చెట్టు, కోట బురుజు, ఏదో ఒకటి ఉండాలి. ఆ మనిషిని మరీ దగ్గరగా నిలబెట్టకండి. చట్రంలో చిటికెన వేలి గోరంత కనబడితే చాలు, వెనక లోయ దానంతటదే విస్తరిస్తుంది.

వైడ్ లెన్స్‌తో అంతా పట్టేయాలనిపిస్తుంది. కానీ అది దూరపు గోడను ఇంకా దూరానికి నెట్టేసి చిన్నది చేస్తుంది. వైడ్ వాడేటప్పుడు మీ కాళ్ల దగ్గరున్న ఒక రాయి, ఒక ముళ్లపొద, ఏదో ఒకటి ముందుభాగంలో ఉండేలా చూడండి. గోడ పొరలను చూపించాలనుకుంటే జూమ్ చేసి ఒక్క భాగమే తీయండి. లోయ మొత్తాన్ని ఒక ఫోటోలో చెప్పాలన్న పట్టుదల వదిలేస్తే, ఒక్కో ఫోటో ఒక్కో విషయాన్ని నమ్మకంగా చెబుతుంది.

నాలుగో మెట్టు: వెలుతురును తూకం వేయండి

ఉదయాస్తమయాల్లో ఆకాశం మెరుస్తుంది, లోయ అడుగు చీకటిగా ఉంటుంది. కెమెరా ఈ రెండిటినీ ఒకేసారి పట్టలేదు. ఫోన్‌లో అయితే ఎండ పడిన గోడ మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ అక్కడ ఆగుతుంది. తర్వాత వెలుతురు గుర్తును కొద్దిగా కిందికి జరపండి. ఫోటో కాస్త ముదురుగా వచ్చినా ఫర్వాలేదు, తర్వాత నీడను కొంత వెలిగించుకోవచ్చు. పూర్తిగా తెల్లబోయిన ఆకాశాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేం.

కెమెరా ఉన్నవారు ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉంచి, ఐఎస్‌ఓ 100 పెట్టి, ట్రైపాడ్ మీద నిలపండి. ఒకే దృశ్యాన్ని తక్కువ, సరిపడా, ఎక్కువ అని మూడు వెలుతురుల్లో తీసుకుంటే తర్వాత కలుపుకోవచ్చు. రా ఫార్మాట్‌లో భద్రపరచండి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే నీటి మీది తళుకును తగ్గిస్తుంది, కానీ వైడ్ లెన్స్‌తో వాడితే ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా చారలు పడుతుంది. చూసుకుని వాడండి.

ఐదో మెట్టు: అంచు మీద ఆశ పెట్టుకోకండి

ఇది ప్రాణానికి సంబంధించిన మాట కాబట్టి సూటిగా చెబుతాను. లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి. బండలు నున్నగా ఉంటాయి, కొన్ని కదులుతాయి. కెమెరా తెరలోకి చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకండి. ముందు నిలబడే చోటు ఎంచుకోండి, తర్వాత తెర చూడండి, జరగాలంటే మళ్లీ కెమెరా దించండి. పిల్లలు ఉంటే ఒక పెద్దవారు వారి చెయ్యి పట్టుకోవడమే పనిగా పెట్టుకోవాలి, ఫోటోలు ఇంకొకరు తీయాలి. సూర్యాస్తమయం తర్వాత వెలుతురు త్వరగా పోతుంది, చేతిలో టార్చి ఉండాలి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. బండల మీద పేర్లు చెక్కకండి.

ఆ సాయంత్రం

నాలుగున్నరకు నాయన లేచాడు. ఇద్దరం మజ్జిగ తాగి మళ్లీ అంచుకు వెళ్లాం. ఈసారి ఫోన్ జేబులోనే ఉంది. ఒక వెడల్పాటి బండ చూసుకుని, అంచుకు పదిహేను అడుగుల వెనక కూర్చున్నాం.

అయిదుంపావు దాకా ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఎదుటి గోడ మీద ఒక సన్నని నల్లగీత కనిపించింది. కొంతసేపటికి దాని కింద ఇంకొకటి. మధ్యాహ్నం ఒకే మట్టిరంగు ముద్దలా ఉన్న గోడ, అరగంటలో అరలు అరలుగా విడిపోయింది. ఒక్కో బండ తన పక్క బండ మీద నీడ వేస్తూ ముందుకు జరిగి నిలబడింది. ఆరు దాటేసరికి ఎండ తగిలిన అంచులు ఇటుక రంగుకు తిరిగాయి. లోపలి మలుపులు నీలంగా మారాయి. మలుపు వెనక ఇంకో మలుపు ఉందని నాకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం రెండు వందల సార్లు చూసినా అది కనబడలేదు.

నేను లేచి వెనక్కి నడిచాను. నాయన అలాగే కూర్చుని ఉన్నాడు, తెల్ల తువ్వాలు భుజం మీద వేసుకుని, చేతులు మోకాళ్ల చుట్టూ కట్టుకుని. ఆయన చట్రంలో చిటికెన వేలి గోరంత. ఆయన ముందు లోయ. ఆ సాయంత్రం నేను తీసినవి మొత్తం పదకొండు ఫోటోలు.

ఎక్కడైనా ఇదే సూత్రం

అరిజోనాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు వేసవి సెలవుల్లో స్నేహితులతో ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు కారులో వెళ్లాడు. 446 కిలోమీటర్ల పొడవు, కొన్ని చోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు, ఒక మైలుకు పైగా లోతు ఉన్న లోయ అది. పన్నెండు గంటలకు మేథర్ పాయింట్ దగ్గర నిలబడి తీసిన ఫోటోలు నాకు పంపాడు. "మామా, చూస్తే కళ్లు తిరిగాయి, ఫోటోలో మాత్రం ఏమీ లేదు" అని రాశాడు. నేను నాయన మాటే చెప్పాను. వాళ్లు ఆ రాత్రికి అక్కడే బస వెతుక్కుని, మర్నాడు తెల్లవారుజామున వెళ్లారు. ఆ ఉదయం తీసిన ఒక్క ఫోటోనే అతను ఇప్పటికీ తన ఆఫీసు బల్ల మీద పెట్టుకున్నాడు.

అదే లోయను అమెరికా ప్రభుత్వం కోరిక మీద 1941లో ఆన్సెల్ ఆడమ్స్ అనే మహా ఛాయాచిత్రకారుడు ఫోటోలు తీశాడు. ఆయన నలుపు తెలుపు చిత్రాల్లో రంగుల సాయం లేదు. అయినా లోతు తెలుస్తుందంటే, చిక్కటి నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు దాకా నీడల మెట్లను ఆయన అంత జాగ్రత్తగా లెక్కపెట్టాడు కాబట్టే.

మన రోజుల్లోకి తెచ్చుకుందాం

మనం చాలా విషయాలను నడినెత్తి ఎండలోనే చూసి తీర్పు చెబుతాం. పొలం కొనేవారు వేసవిలో ఒక్కసారి చూసి బయానా ఇస్తారు. ఆ పొలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ మూల కోసుకుపోతుందో వాన పడిన మర్నాడు చూస్తేనే తెలుస్తుంది. బెంగళూరులో కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి వారంలోనే ఈ ఉద్యోగం నాకు పడదు అంటాడు. పెళ్లిచూపుల్లో అరగంటలో ఒక మనిషిని కొలిచేస్తాం. బిడ్డ ఒక పరీక్షలో తప్పితే ఆ మార్కుల కాగితంలోనే వాడి భవిష్యత్తంతా ఉందనుకుంటాం. ఇవేవీ చూడకూడని చూపులు కావు. ఒకే వేళ చూసిన చూపులు, అంతే.

ఆగడం అంటే వాయిదా వేయడం కాదు. వాయిదా వేసేవాడు ఆ విషయాన్ని మరిచిపోతాడు. ఆగేవాడు దాని ఎదుటే కూర్చుని, ఏ గీత ఎప్పుడు తేలుతుందా అని చూస్తుంటాడు. ఎంతసేపు ఆగాలో కూడా ముందే నిర్ణయించుకుంటాడు. నేను ఆ సాయంత్రం సూర్యాస్తమయం దాకా అని హద్దు పెట్టుకున్నాను. మీరు పొలానికి ఒక వానకాలం, ఉద్యోగానికి మూడు నెలలు అని పెట్టుకోండి.

ఈ వారం చేయవలసినవి

1. మీ ఇంటి ముందున్న ఒక చెట్టునో, ఊరి గుట్టనో ఎంచుకోండి. బంగారుపాళ్యం వాళ్లయితే మొగిలి ఘాట్ వైపు కొండలు ఉండనే ఉన్నాయి. ఒకే చోట నిలబడి ఉదయం ఆరున్నరకు, మధ్యాహ్నం పన్నెండుంపావుకు, సాయంత్రం ఆరింటికి ఒక్కొక్క ఫోటో తీయండి.

2. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో కనబడి మరొకదానిలో కనబడనివి ఐదు రాయండి.

3. ఈ మధ్య మీరు తొందరగా తీర్పు చెప్పిన మనిషినో పనినో ఒకదాన్ని తలుచుకోండి. దాన్ని ఏ వేళ చూశారో రాయండి. ఇంకో వేళ చూడడానికి ఒక తేదీ పెట్టుకోండి.

ఆ పదకొండు ఫోటోల్లో ఒకటి పెద్దది చేయించి మా నడవాలో గోడకు తగిలించాను. ఇంటికి వచ్చినవారు నాయనను గుర్తుపట్టి, "ఇది మీరే కదా" అంటారు. ఆయన తన బొమ్మ మీద చూపు ఆపడు. వేలు లోయ అవతలి గోడ మీదికి పోతుంది. నీడ చీల్చుకుని ముందుకు ఉబికిన ఒక ఎర్ర బండను చూపిస్తాడు.

"ఇదో, ఈడ జూడు. భుజం బాగా నిండింది" అంటాడు.